బావికి బ్లీచింగ్ ఎంత?

ప్రశ్న: మా బావి వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు. వానలకు వీధి నీళ్లు లోపలికి దిగాయి. బ్లీచింగ్ పౌడర్ చల్లించాం. అయినా నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసాలో పోసిన నీళ్లు నల్లబడ్డాయి. ఎందుకండీ?

జవాబు: పొడిగా చల్లితే చాలావరకు ఉండకట్టి అడుక్కి పోతుంది. మీ బావిలో ఉన్నవి సుమారు 28,000 లీటర్లు (3.14 × 3 × 3 × 4 ÷ 4, దాన్ని వెయ్యితో హెచ్చించండి). వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 70 గ్రాములు కావాలి. అదీ తాజా పౌడరైతేనే. మూత తీసి ఉంచినదానికి బలం పోతుంది, ఘాటు వాసన వస్తోందని నమ్మకండి.

ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, ముప్పావు వంతు దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైతేటను వేరే బకెట్‌లోకి వంచి, బావిలోకి దించి, పైకీ కిందికీ బాగా ఆడించండి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేస్తే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. రాత్రి, తోడుకోవడం అయ్యాక చేయడం మేలు.

కనీసం గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మిగల్లేదంటే బురద, కుళ్లు దాన్ని తినేసినట్టే. మీ బావిలో జరిగింది బహుశా ఇదే. ముందు బురద నీరు తోడించి, మళ్లీ వేయండి.

కలరా, టైఫాయిడ్ బ్యాక్టీరియా ఈ మోతాదుకు చస్తాయి. విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పరాన్నజీవి తిత్తులు మొండివి, వాటికి మరిగించాల్సిందే. నల్లబడ్డ సీసా మలం కలిసి ఉండొచ్చని సూచిస్తుందే తప్ప, ఏ రోగక్రిమి ఉందో చెప్పదు.