తాతగారి మందు సీసాల వయసెంత?

ప్రశ్న: మా తాతగారు చిత్తూరులో కాంపౌండరుగా చేసేవారు. అటక దులుపుతుంటే ఆయన మందు సీసాలు దొరికాయి. ఒకటి ముదురు నీలం, ఆరు పలకలది, ఒళ్లంతా నిలువు గీతలు. ఎప్పటివో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సీసా పక్కన అచ్చు అతుకు గీత, అంటే అచ్చు ముక్కలు కలిసిన చోట గాజు మీద పడే గీత, ఉంటుందమ్మా. దాని మీద గోరు పెట్టి పైకి జరపండి. మెడ దగ్గరే గీత మాయమైతే మూతిని చేత్తో తీర్చారన్నమాట. అలాంటివి ఎక్కువగా 1910కి ముందువి. మూతి అంచు దాకా వెళితే యంత్రం పని. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ తన సీసాల యంత్రాన్ని తెచ్చింది 1903 ప్రాంతంలో. చేతి పని అన్నిచోట్లా ఒక్కసారే ఆగలేదు, అందుకే పదేళ్లు అటూ ఇటూ వేసుకోండి.

గాజులో బుడగలు చూసి మాత్రం నమ్మకండి, కొత్త సీసాల్లోనూ ఉంటాయి.

ఇక మీ నీలం సీసా. అది దాదాపుగా విషపు మందుదే. దీపం లేని చీకట్లో కూడా చేతికి తగలగానే తెలియాలని ఆ గరుకు గీతలు పెట్టేవారు. పలకల మీద ‘నాట్ టు బి టేకెన్’ (లోపలికి తీసుకోకూడదు) అని ఉబ్బెత్తు ఇంగ్లీషు అక్షరాలున్నాయేమో తడిమి చూడండి. అడుగున మందేమైనా మిగిలుంటే వాసన కూడా చూడొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు.

కాగితం లేబుల్ ఉంటే దయచేసి తడపకండి. తాతగారి చేతిరాత దాని మీద ఉంటే, నా దృష్టిలో గాజు కంటే అదే విలువైనది.