ఆటా బాటా: ఆ గడ్డి ఎవరిదో ముందు కనుక్కోండి

ఈ నెల ఉత్తరాలన్నీ గోల్ఫ్ మీదే వచ్చాయి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని దేశం నలుమూలలా ఆడి, రిటైరయ్యాక హనుమకొండలో స్థిరపడిన మా కాలమిస్టు జవాబులు.

సార్, నమస్తే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ, బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే డ్రైవింగ్ రేంజ్‌కు వెళ్లి గోల్ఫ్ నేర్చుకున్నాను. ఇప్పుడు సొంతూరికి వచ్చేశాను, దగ్గర్లో ఆడే చోటు లేదు. కంపెనీ పని మీద ఢిల్లీ, వైజాగ్ వెళ్తుంటాను. అక్కడ ఒక పూట ఆడాలని ఆశ. పోయినసారి ఒక ఊళ్లో ఫీజు తక్కువే కదా అని వెళ్తే, చేతికొచ్చిన బిల్లు రెండింతలైంది. జీతగాళ్లకు అందే కోర్సులు, అంటే ఆడే మైదానాలు, ఎలా వెతకాలి?
— ఒక పాఠకుడు, సుబేదారి, హనుమకొండ

ప్లాటు కొనేముందు పహాణీ చూసుకున్నట్టే, కోర్సుకు బయల్దేరే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. ఫీజు సంగతి తర్వాత. మిమ్మల్ని గేటు లోపలికి రానిస్తారా, ఏ రోజు రానిస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మన దేశంలో పేరున్న పాత కోర్సులు ఎక్కువగా సభ్యుల క్లబ్బులవి. బయటివాళ్లను అసలే రానివ్వరని కాదు. శని, ఆదివారాలు మాత్రం సభ్యులదే రాజ్యం, కొన్నిచోట్ల సభ్యుడెవరో వెంట ఉంటేనే లోపలికి. కంటోన్మెంట్ ఊళ్లలో ఉన్నవి సైన్యానివి. అక్కడ ఖర్చు తక్కువే గానీ మనలాంటివాళ్లకు ప్రవేశం అంత తేలిక కాదు. చుట్టాల్లో ఫౌజీ ఎవరైనా ఉంటే ఆయన అతిథిగా వెళ్లొచ్చేమో అడగండి, మొహమాటపడకండి. విల్లాలు అమ్ముకోవడానికి పక్కనే కోర్సు వేసినచోట డబ్బుంటే చాలు, ఎవరైనా ఆడొచ్చు. కాకపోతే ఆ డబ్బే ఎక్కువ. ఇక మిగిలినవి ప్రభుత్వ సంస్థలు నడిపేవి. సంఖ్యలో తక్కువే అయినా మీరు ముందు వెతకాల్సింది వాటినే.

ఢిల్లీలో మీకు ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. లాడో సరాయ్‌లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు ఉంది. దేశంలో మొదటి పబ్లిక్ గోల్ఫ్ కోర్సు అదే. 18 హోల్స్, అంటే బంతిని చేర్చాల్సిన గుంతలు పద్దెనిమిది. సాకేత్ మెట్రో స్టేషన్‌కు దగ్గర. సభ్యత్వం లేకపోయినా ఫీజు కట్టి ఆడొచ్చు. కొన్ని హోల్స్ దగ్గర నిలబడితే కుతుబ్ మీనార్ కనిపిస్తుంది, ఆ దృశ్యానికి విడిగా ఛార్జీ లేదు. అదే సంస్థకు ఉత్తర ఢిల్లీలో, చెరువు పక్కన భల్‌స్వా అనే చిన్న కోర్సు కూడా ఉంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు మొదటిసారి అక్కడికి వెళ్తేనే నయం. వెనక వచ్చే బ్యాచ్ తొందరపెడుతుందన్న టెన్షన్ తక్కువ.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లేవాళ్లకు ఒక మాట. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో దిగిన రోజే టీ టైమ్, అంటే మొదటి బంతి కొట్టడానికి మీకిచ్చే సమయం, బుక్ చేసుకోవద్దు. పొగమంచుకు బండీ ఆలస్యం, ఆటా ఆలస్యం. మర్నాడు పదీ, పదకొండు గంటల మధ్య పెట్టుకోండి. ఉదయం ఆరుకే వచ్చి మంచులో చేతులు నలుపుకుంటూ నిలబడేవాళ్లను చాలామందిని చూశాను. మీరు వాళ్లకంటే ముందేమీ ఆడలేరు గానీ, టిఫిన్ చేసి వెళ్లొచ్చు.

వైజాగ్‌కు మనకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. అక్కడ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 18 హోల్స్ కోర్సు. సముద్రం దగ్గరే కాబట్టి గాలి ఆటలో వేలు పెడుతుంది. ఇది సభ్యుల క్లబ్బు. బయటివాళ్లకు ఏ రోజుల్లో వీలవుతుందో ఊళ్లోంచే ఫోన్ చేసి కనుక్కొని, దాన్ని బట్టి ఆఫీసు పని రోజులు సర్దుకోండి.

మీ బిల్లు సంగతి. కోర్సువాళ్లు పైకి చెప్పేది గ్రీన్ ఫీజు, అంటే ఆడనిచ్చినందుకు తీసుకునేది, ఒక్కటే. దాని వెనక క్యాడీ (మన బ్యాగు మోసే మనిషి), బంతి కొట్టే కర్రల సెట్ అద్దె, బంతులు, లాకరు, జీఎస్టీ వరసకట్టి వస్తాయి. చాలాచోట్ల క్యాడీని పెట్టుకోవడం తప్పనిసరి. కొన్నిచోట్ల బంతి ఎక్కడ పడిందో చూడ్డానికి ముందు నడిచే ఆగేవాలా కూడా ఉంటాడు, అతనికీ ఇవ్వాలి. అందుకని ఫోన్లో 'గ్రీన్ ఫీజు ఎంత?' అని అడక్కండి. 'సెట్ నాది కాదు, ఒక్కణ్ణే వస్తున్నాను, మంగళవారం మధ్యాహ్నం. పన్నుతో సహా గేటు దాటి బయటికొచ్చేదాకా మొత్తం ఎంతవుతుంది?' అని అడగండి. అవతలివాళ్లు లెక్కకట్టి చెప్పేదాకా ఫోన్ పెట్టేయొద్దు. తర్వాత '9 హోల్స్ ఆడితే ఎంత?' అని కూడా అడగండి. పని మీద వెళ్లినవాడికి 9 హోల్స్ చాలు, రెండు రెండున్నర గంటల్లో అయిపోతుంది. ఇంకో మాట, క్యాడీ డబ్బులో బేరం ఆడకండి. చవకగా ఆడాలన్న మన సరదాకు అతని కూలి కోయడం నాకు నచ్చదు.

ఈ ప్రయాణాలన్నీ లేకుండా ఒక పూట ఆడాలంటే మాత్రం మీకు గోల్కొండే దిక్కు. కోటకు ఆనుకుని ఉన్న నయా ఖిల్లాలోనే 18 హోల్స్ కోర్సు ఉంది. ఆ ఆవరణలోనే హాథియాన్ కా ఝాడ్ అనే బ్రహ్మాండమైన బావోబాబ్ చెట్టు ఉంది. ఆఫ్రికా జాతి చెట్టు, కాండం లోపలికి మనుషులు దూరేంత తొర్ర. ఆట బాగా సాగని రోజున నేను ఆ చెట్టు దగ్గర కూర్చుంటాను.

అన్నయ్యగారికి నమస్కారం. మా సారు లెక్చరర్‌గా రిటైరయ్యాక కరీంనగర్ నుంచి హైదరాబాద్ వెళ్లి మరీ గోల్ఫ్ నేర్చుకున్నారు. మే నెలలో అమెరికాలో, ఎడిసన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ ఆడాలని ఇప్పట్నుంచే ఒకటే గోల. అబ్బాయి మీద భారం పడకుండా వీలవుతుందా? ఆయన ఆడుతుంటే నేనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

అమ్మా, నిశ్చింతగా వెళ్లండి. ఈ ఆట ఇక్కడికంటే అక్కడే మామూలు మనిషికి దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో 1895లోనే పబ్లిక్ కోర్సు మొదలైంది. ఆ తర్వాత నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు సొంతంగా కోర్సులు వేసి నడుపుతూ వచ్చాయి. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి.

ఎడిసన్ ఉన్నది మిడిల్‌సెక్స్ కౌంటీలో. ఆ కౌంటీకే ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో టామరాక్ అనే 36 హోల్స్ కోర్సు ఉంది. పిస్కాటవేలో రారిటన్ ల్యాండింగ్ అని ఇంకోటి. ఇందులో హోల్స్ పొడవు తక్కువ, సారు వయసుకు ముందు ఇదే మంచిది. రెండూ ఎడిసన్ నుంచి కారులో దగ్గరే. కౌంటీలో ఉండేవాళ్లకు ఒక రేటు, బయటివాళ్లకు అంతకంటే ఎక్కువ. అబ్బాయి గుర్తింపు కార్డు అబ్బాయికే పనిచేస్తుంది, సారుకు కాదు. సీనియర్లకు తగ్గింపు ఉంటుంది గానీ అది అక్కడ నివాసం ఉన్నవాళ్లకేనా, అందరికీనా అని ముందే అడిగించండి.

ఖర్చు తగ్గే దారి మరొకటుంది, ట్వైలైట్ రేటు. సాయంత్రం వేళకు అక్కడి కోర్సులు ఫీజు తగ్గిస్తాయి. మన దగ్గర అయితే ఆ వేళకు చీకటి పడి బంతి కనిపించదు. న్యూజెర్సీలో జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురే. నాలుగింటికి మొదలుపెట్టినా తీరుబడిగా ఆడుకోవచ్చు. అబ్బాయి ఆఫీసు ముగించుకుని వచ్చి చివరి నాలుగు హోల్స్‌కు వాళ్ల నాన్నను కలుసుకున్నా బాగుంటుంది.

అక్కడి పబ్లిక్ కోర్సుల్లో చాలావరకు క్యాడీలు ఉండరు. ఎవరి బ్యాగు వాళ్లే మోసుకోవాలి, లేదా తోసుకెళ్లే చిన్న బండి అద్దెకు తీసుకోవాలి. బ్యాటరీ కార్టు తీసుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఒక్కరే వెళ్తే కౌంటర్లోవాళ్లు ముక్కూమొహం తెలియని ముగ్గురితో కలిపి నలుగురి బ్యాచ్ చేస్తారు. అదేదో అవమానం అనుకోవద్దని సారుకు ముందే చెప్పండి, అక్కడ అదే పద్ధతి. పేరు చెప్పి చేయి కలిపితే చాలు, ఇక నాలుగు గంటల కబుర్లు వాళ్లే చూసుకుంటారు.

సారు ఎలాగూ బెత్‌పేజ్ బ్లాక్ పేరు ఎత్తుతారు. న్యూయార్క్ రాష్ట్ర పార్కులో ఉన్న కోర్సు అది. 2002లో, 2009లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ అక్కడే జరిగింది, 2025లో అమెరికా, యూరప్ జట్లు తలపడే రైడర్ కప్ కూడా. అంత పెద్ద కోర్సులో ఎవరైనా ఆడొచ్చన్నది నిజమే. కాకపోతే బయటి రాష్ట్రాలవాళ్లకు ఫీజు బాగా ఎక్కువ. టీ టైమ్ దొరక్క పార్కింగ్‌లో రాత్రంతా కార్లోనే పడుకుని తెల్లవారుజామున వరసలో నిలబడేవాళ్లూ ఉన్నారు. పైగా కార్టులు ఉండవు, నడవాల్సిందే. బాగా ఆడేవాళ్లు తప్ప రావొద్దని మొదటి బంతి కొట్టే చోట బోర్డు పెట్టారు. ఆ బోర్డు పక్కన సారుకు ఒక ఫొటో తీసి వెనక్కి తీసుకొచ్చేయండి.

మీ సంగతి అడిగారు. ఆడకుండా వెంట నడవడానికి కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకుంటే నడవండి, లేదంటే పుటింగ్ గ్రీన్ దగ్గర, అంటే బంతిని గుంతలోకి మెల్లగా నెట్టడం ప్రాక్టీసు చేసే చోట, మీరూ ఒక పుటర్ కర్ర పట్టుకోండి. ఇంట్లో ఒకరికే ఈ పిచ్చి ఉంటే గొడవ, ఇద్దరికీ ఉంటే ఖర్చు. ఏది కావాలో మీ ఇష్టం.

వేసవి సెలవుల్లో పిల్లలతో సిమ్లా వెళ్తున్నాం. కొండల మీద ఆడటం కష్టమా? ఖర్చెక్కువా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

సిమ్లా నుంచి 20 కిలోమీటర్లు దాటాక నల్దేరా వస్తుంది. దేవదారు చెట్ల మధ్య 9 హోల్స్ కోర్సు, 18 కావాలంటే రెండుసార్లు తిరగాలి. లార్డ్ కర్జన్ ఆ చోటు మీద ఎంత మనసుపడ్డాడంటే కూతురి పేరులో నల్దేరా అని చేర్చాడు. చవకగా ఆడాలంటే మే, జూన్ వారాంతాలు తప్పించండి. ఎండాకాలంలో ఉత్తరాది అంతా అక్కడే ఉంటుంది. పిల్లలకు విసుగు రాకుండా మీరు 9 హోల్స్‌తో ఆపేయండి.

నల్దేరా 2,000 మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తులో గాలి పలచన, బంతి ఇక్కడికంటే దూరం పోతుంది. మామూలుగా ఏడో నంబరు ఐరన్ అనే కర్ర తీసే దూరానికి, అంతకంటే తక్కువ దూరం కొట్టే ఎనిమిది తీయండి. ఇది తెలియక బంతులు లోయలోకి కొట్టి, కొత్తవి కొని, మళ్లీ కొట్టేవాళ్ల వల్ల ప్రో షాపులు, అంటే కోర్సులోని సామాన్ల కొట్లు, బతుకుతాయి. పాత బంతులు ఓ డజను వెంట తీసుకెళ్లండి. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి నిబంధనల్లో మూడు నిమిషాలే ఇచ్చారు, అంతకుముందు ఐదు ఉండేవి.

కొండ కోర్సుల్లో నా మనసు మాత్రం షిల్లాంగ్ దగ్గరే ఉండిపోయింది. అక్కడ బ్రాంచిలో పనిచేసినప్పుడు ఆడాను. 1898లో 9 హోల్స్‌తో మొదలై 1924లో 18 అయింది. పైన్ చెట్ల మధ్య ఎగుడుదిగుడుగా సహజంగా ఏర్పడిన లోయ అది. పక్కన ఊరివాళ్లు వాకింగ్ చేస్తుంటారు, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటుంటారు. గోల్ఫ్ కోర్సు అంటే గోడ, గేటు, గన్‌మ్యాన్ అనుకునేవాళ్లు ఒకసారి చూసి రావాలి. మేఘాలయ టూర్ వేసుకుంటే బ్యాగులో కాలర్ ఉన్న టీషర్ట్ ఒకటి పడేసుకోండి. అక్కడనే కాదు, చాలా కోర్సుల్లో కాలర్ లేకపోతే ఆపుతారు, జీన్స్‌కూ చాలాచోట్ల అభ్యంతరమే.

మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. విజిట్ వీసా మీద వెళ్తున్నాను. అక్కడ తక్కువలో గోల్ఫ్ ఆడొచ్చా?
— ఒక పాఠకుడు, జగిత్యాల

తక్కువలో అంటే కష్టం, తమ్ముడూ. 1988లో మొదలైన ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లోని మజ్లిస్ కోర్సు గల్ఫ్ దేశాల్లోనే మొదటి పూర్తి గడ్డి కోర్సు. ఎడారిలో ఆ గడ్డిని బతికించడానికయ్యే నీళ్ల ఖర్చు ఫీజులో కనిపిస్తుంది మరి. చలికాలంలో, యూరప్ టూరిస్టులు దిగే రోజుల్లో రేట్లు ఆకాశంలో ఉంటాయి. ఎండలు ముదిరాక బాగా దిగుతాయి. మన రామగుండం ఎండ తట్టుకున్నవాళ్లం కదా అనుకోవద్దు, అక్కడ ఉక్కపోత కూడా తోడవుతుంది. అదే క్లబ్‌లో ఫాల్డో కోర్సుకు ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి, వేసవిలో రాత్రిపూట 9 హోల్స్ ఆడితే అటు ఒంటికీ ఇటు జేబుకూ కాస్త నయం. అది కూడా ఎక్కువే అనిపిస్తే రేంజ్‌లో ఒక బకెట్ బంతులు కొట్టి తమ్ముడితో బిర్యానీకి వెళ్లండి.

ప్రయాణాల్లో ఆడటానికి సొంత సెట్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

నిబంధన ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు, అంటే బంతి కొట్టే కర్రలకు, మించకూడదు. 14 ఉండి తీరాలని ఎక్కడా లేదు. దేశీయ విమానాల్లో సాధారణంగా ఇచ్చే లగేజీ 15 కిలోలు, నిండు సెట్ ఒక్కటే దాదాపు దాన్ని మింగేస్తుంది. రైల్లో అయితే అది బెర్త్ కింద అడ్డంగా పట్టక పక్కవాళ్లతో తగువు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక హైబ్రిడ్, ఆరు, ఎనిమిది నంబర్ల ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పుటర్, ఈ ఆరు కర్రలు కొనుక్కోండి. పలచటి బ్యాగులో పట్టేస్తాయి, నాలుగైదు ప్రయాణాల్లో అద్దె డబ్బు మిగిలిపోతుంది. ఏడాదికోసారి ఆడేవాళ్లయితే మాత్రం అద్దెకే తీసుకోండి, బుక్ చేసేటప్పుడే కుడిచేయా ఎడమచేయా చెప్పండి. ఎడమచేతి సెట్లు చాలాచోట్ల ఉండవు. బూట్లు మాత్రం సొంతవి ఉండాలి, అద్దె బూట్లతో అంత దూరం నడవలేరు. ఇనుప స్పైక్స్ ఉన్నవి కొనకండి, చాలా కోర్సుల్లో వాటిని నిషేధించారు.