చిన్న ఊరి పోలీసు కథలు కావాలంటే విగాటా స్టేషన్‌కి వెళ్లండి

నగరాల్లో వరుస హత్యలు, రక్తపాతం ఉండే థ్రిల్లర్లతో విసుగొచ్చిందని, చిన్న ఊరి పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతూ మనుషులు గుర్తుండిపోయే క్రైమ్ సిరీస్ ఏదైనా ఉంటే చెప్పమని, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో కూడా చెప్పమని మీరు అడిగారు. నా జవాబు ఆంద్రేయా కమిల్లేరి రాసిన ఇన్‌స్పెక్టర్ మోంతల్బానో నవలలు. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపంలో విగాటా అనే కల్పిత రేవు పట్టణం, అక్కడో స్టేషన్, అందులో పనిచేసే కొద్దిమంది మనుషులు. స్టీఫెన్ సార్తరెల్లీ చేసిన ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను. ఇప్పటికీ ఏదో ఒకటి తీసి మళ్లీ చదువుతూనే ఉంటాను.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. కోస్తాలో ఒక టౌన్ నుంచి ఇంకో టౌన్‌కి బదిలీలు, నేను పెరిగిందంతా పోలీసు క్వార్టర్లలో. అందుకే పోలీసు నవలల విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ. చాలా నవలల్లో ఒక మేధావి డిటెక్టివ్ ఉంటాడు, మిగతా వాళ్లంతా అతని తెలివికి నోరెళ్లబెట్టడానికే ఉంటారు. స్టేషన్ అలా నడవదు. ఏ ఇంటి గొడవ ఎప్పుడు మొదలైందో తెలిసిన హెడ్డు ఒకరుంటారు. పైనుంచి సిఫార్సుతో వచ్చి పడ్డవాడు ఒకడుంటాడు. పనిమంతుడే గానీ ఆడవాళ్లు కనిపిస్తే మనసు చెదిరేవాడు ఇంకొకడు. పై ఆఫీసు నుంచి ఫోనొస్తే అందరికీ టెన్షన్. వీళ్లందరి పనీ కలిస్తేనే కేసు తేలుతుంది. ఆ లోపలి జీవితాన్ని ఇంత ప్రేమగా రాసిన సిరీస్ నాకు ఇంకోటి దొరకలేదు.

మోంతల్బానో కింద పనిచేసే ఫాత్సియోనే చూడండి. ఎవరి గురించైనా వివరాలు కావాలని మోంతల్బానో అడిగితే ఊరంతా తిరిగి పట్టుకొస్తాడు. జేబులోంచి కాగితం తీసి, ఆ మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు వరసగా చదవబోతాడు. మోంతల్బానోకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అది చదివితే ఆ కాగితం నీ చేత మింగిస్తానని బెదిరిస్తాడు. ఫాత్సియో మారడు, తర్వాతి నవలలో మళ్లీ అదే కాగితం. నాన్నకి ఈ సంగతి చెబితే ఆయన ఫాత్సియో పక్షమే తీసుకున్నారు. ఒకే పేరున్నవాళ్లు ఊళ్లో ఇద్దరుంటారు, తండ్రి పేరు రాసుకోకపోతే ఏ పాపం తెలియనివాణ్ణి స్టేషన్‌కి పిలిచినట్టవుతుంది, చిన్న ఊళ్లో ఆ మచ్చ ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి పోదు అన్నారు. అప్పట్నుంచి ఆ కాగితం బయటికొచ్చినప్పుడల్లా ఫాత్సియో మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

కతరెల్లా గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. పలుకుబడి ఉన్న బంధువు చలవతో ఉద్యోగంలోకి వచ్చినవాడు. ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి చెడగొడతాడని ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. ఫోన్ చేసినవాళ్ల పేర్లన్నీ తప్పుగానే చెబుతాడు, ఇన్‌స్పెక్టర్ గది తలుపు గోడకి ధడేల్మని కొట్టుకునేలా తెరిచి, చెయ్యి జారిందని క్షమాపణ అడుగుతాడు. మామూలుగా అయితే ఇలాంటి పాత్ర నవ్వించి పక్కకి తప్పుకుంటుంది. కమిల్లేరి అలా వదిలెయ్యలేదు. కతరెల్లా చేతికి కంప్యూటర్ వచ్చాక అందులో స్టేషన్ మొత్తానికి అతనే దిక్కవుతాడు. ఎవరెంత విసుక్కున్నా మోంతల్బానో అతన్ని పరాయివాళ్ల ముందు చులకన కానివ్వడు. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఆప్యాయత నవల నవలకీ పెరుగుతుంది.

మిమీ ఔజెల్లో డిప్యూటీ, ఆడవాళ్ల పిచ్చి, తెలివైనవాడు. శవపరీక్షలు చేసే డాక్టర్ పస్క్వానోకి నోటి దురుసు ఎక్కువ. రాత్రి క్లబ్బులో పేకాటలో ఓడితే మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లకూడదు, వెళ్లాల్సి వస్తే మాత్రం కన్నోలీ మిఠాయి పెట్టె పట్టుకెళ్లాలి. ఈ చిన్న చిన్న అలవాట్లన్నీ మనకి తెలిసిపోయాక కొత్త నవల తెరవడం అంటే తెలిసిన వీధిలోకి వెళ్లడమే.

చిన్న ఊరి పోలీసు జీవితంలో అసలు చిక్కు ఎక్కడుంటుందో చూపించే పాత్ర మాత్రం అదెలీనా. మోంతల్బానో ఇంట్లో వంట చేసి పెట్టే మనిషి. ఆమె కొడుకులిద్దరూ నేరాలు చేసి జైలుకి వెళ్లొస్తూ ఉంటారు. అందులో పస్క్వాలేని అరెస్టు చేసినవాడు మోంతల్బానోనే. అయినా ఆమె వచ్చి వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళుతుంది. పస్క్వాలే తన బిడ్డకి మోంతల్బానో పేరే పెట్టుకుంటాడు. ఆ బిడ్డకి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా, అంటే బాధ్యత తీసుకునే పెద్దగా నిలబడేది కూడా మోంతల్బానోనే. ఆరంచీనీల మీద ఒక కథ ఉంది. అన్నం, మాంసం, బఠానీలు కలిపి ఉండలు చేసి నూనెలో వేయించే సిసిలీ వంటకం అది. అదెలీనా చేస్తే రెండు రోజుల పని, ఆ తయారీ మొత్తం కథలో వరసగా ఉంటుంది. ఇద్దరు కొడుకులూ ఒకేసారి బయట ఉన్న ఆ డిసెంబరు 31 రాత్రికి ఆమె ఇన్‌స్పెక్టర్‌ని భోజనానికి పిలుస్తుంది. ఈలోగా ఒక కొడుకు మీద దొంగతనం అనుమానం వస్తుంది. పట్టుకోవాల్సిన మనిషీ, పట్టుబడాల్సిన మనిషీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆమె చేతి వంట తినాలి. నాన్న సర్వీసులో ఉన్నప్పుడు మా వీధిలో పెళ్లి భోజనాలకి వెళితే పక్క విస్తరి ముందు ఎవరు కూర్చుంటారో తెలిసేది కాదు. పెద్ద నగరంలో పోలీసుకి ఆ ఇబ్బంది రాదు.

మొదటి నవల ‘ది షేప్ ఆఫ్ వాటర్’ 1994లో ఇటాలియన్‌లో వచ్చింది. పేరున్న రాజకీయ నాయకుడు ఊరవతల పాడు జాగాలో కారులో చచ్చి పడి ఉంటాడు. చూసినవాళ్లు చెత్త ఎత్తే ఇద్దరు కుర్రాళ్లు, చదివింది మాత్రం సర్వేయర్ చదువు. ఒకడికి అక్కడ ఖరీదైన నగ దొరుకుతుంది, ఇంట్లో బిడ్డకి జబ్బు. మోంతల్బానో కేసు తేలుస్తాడు, ఆ నగ సంగతి కూడా కనిపెడతాడు, అయితే ఆ కుర్రాణ్ణి దొంగని చెయ్యకుండా బిడ్డ వైద్యానికి డబ్బు అందే దారి చూస్తాడు. చట్టం ఎక్కడ ఆగాలో, మనిషి ఎక్కడ అడుగు వెయ్యాలో అతనికి తెలుసు. ఒక్కోసారి ఆ గీత దాటతాడు కూడా, దాని బరువు తర్వాత మోస్తాడు.

నాకు బాగా ఇష్టమైనది 1996లో వచ్చిన ‘ది స్నాక్ థీఫ్’. ఫ్రాన్స్వా అనే ట్యునీషియా పిల్లాడు ఆకలికి తట్టుకోలేక బడి పిల్లల దగ్గర తినుబండారాలు లాక్కుంటుంటాడు. తల్లి హత్యకి గురైంది. వాణ్ణి మోంతల్బానో తన ఇంటికి తెస్తాడు, అతని ప్రియురాలు లివియా కన్నబిడ్డలా చూసుకుంటుంది. ఒక రాత్రి వాడు ఇంట్లోంచి వెళ్లిపోతాడు. మోంతల్బానో వెతుక్కుంటూ వెళ్లి సముద్రం ఒడ్డున పట్టుకుని పక్కన కూర్చుంటాడు. ఇతను సిసిలీ యాసలో, వాడు అరబ్బీలో మాట్లాడుకుంటారు, ఒకరికొకరు అర్థమవుతారు. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న సంగతి, నాన్నకి వినపడకుండా తలగడ కింద తలపెట్టి ఏడ్చిన రాత్రుల సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ మోంతల్బానో ఆ పిల్లాడికి చెబుతాడు. పొద్దున వంటింట్లో అమ్మ ఉండదు, బడికి తినడానికి ఏదైనా కట్టిచ్చేవాళ్లుండరు. ఆ పిల్లాడు ఎందుకు వాటినే దొంగిలించాడో అప్పుడు గుండెల్లో గుచ్చుకుంటుంది. ఆ రెండు మూడు పేజీలు ఎప్పుడు చదివినా కళ్లు తడుస్తాయి.

కమిల్లేరి 1925లో సిసిలీలోని పోర్తో ఎంపెదోక్లే అనే రేవు ఊళ్లో పుట్టారు. విగాటాకి ఆ ఊరే ఆధారం. ఆ ఊరు 2003లో తన పేరు పక్కన విగాటా అని చేర్చుకుంది, కొన్నేళ్ల తర్వాత తీసేసింది. నాటకాలు, ప్రభుత్వ టీవీ దర్శకత్వం ఆయన జీవితమంతా చేసిన పని. అందుకే సంభాషణలు అంత చురుగ్గా ఉంటాయి. మొదటి మోంతల్బానో నవల రాసేటప్పటికి ఆయనకి దాదాపు 70 ఏళ్లు. ఇన్‌స్పెక్టర్‌ని కూడా వయసు ఆపకుండా ముసలితనం వైపు నడిపించారు. మాఫియా ఊళ్లోనే ఉంటుంది, కుఫ్ఫారో, సినాగ్రా అనే రెండు కుటుంబాలు ఉంటాయి, కానీ వాళ్లని కథానాయకుల్ని చెయ్యలేదు. ఆ నిర్ణయానికి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

లోపాలూ ఉన్నాయి. జెనోవాలో ఉండే లివియాతో ఫోన్లో గొడవలు కొన్నాళ్లకి ఒకే పాటలా వినిపిస్తాయి. వయసు పైబడ్డాక అతను చిన్న వయసు అమ్మాయిల మోజులో పడే నవలలు నాకు నచ్చలేదు, లివియాకి అన్యాయం జరిగిందనే అనుకుంటాను. ఆ పుస్తకాల్లో స్టేషన్ సన్నివేశాల కోసమే పేజీలు తిప్పాను.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, ‘ది షేప్ ఆఫ్ వాటర్’తో మొదలుపెట్టి మొదటి నాలుగైదు వరసలోనే చదవండి. పుస్తకాలు చిన్నవి, చాలావాటిలో 18 అధ్యాయాలు ఉంటాయి, సెలవు రోజు పట్టుకుంటే అయిపోతుంది. ఆ మనుషులు అలవాటయ్యాక 2003 నాటి ‘రౌండింగ్ ది మార్క్’కి రండి. 2001లో జెనోవాలో ఎనిమిది పెద్ద దేశాల నేతల జి8 సమావేశాలప్పుడు నిరసనకారుల మీద పోలీసులు చేసిన దాష్టీకం గురించి విని, తన ఉద్యోగం మీదే విరక్తి పుట్టి మోంతల్బానో రాజీనామాకి సిద్ధపడే నవల అది. అందులోనే రేవులో పడవ దిగి పారిపోతున్న వలస పిల్లాణ్ణి తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగిస్తాడు, తర్వాత ఆ పిల్లాడు చనిపోయాడని తెలుస్తుంది. నిజాయితీ ఉన్న పోలీసువాడి మనసులో ఏం జరుగుతుందో నాకు తెలిసినంతలో ఇంత బాగా రాసిన పుస్తకం లేదు. నాన్నకి ఈ కథ మొత్తం చెప్పాను, ఆయన చాలాసేపు ప్రశ్నలు అడిగారు.

‘రిక్కార్దినో’ మాత్రం అన్నిటికంటే చివర చదవండి. దాన్ని కమిల్లేరి ముందే రాసి, చివరి నవలగా తర్వాత వెయ్యమని ప్రచురణకర్త దగ్గర పెట్టారు. 2019లో ఆయన పోయాక 2020లో అచ్చయింది. అందులో మోంతల్బానో నేరుగా రచయితతోనే వాదనకి దిగుతాడు, ముందు పుస్తకాలు చదవకుండా అది పట్టుకుంటే ఆ వాదనలోని బాధ తెలియదు.