పోర్టును ‘రేవు’ అనొచ్చా?

ప్రశ్న: మా హైస్కూలు కంప్యూటర్ గదికి తెలుగులో చార్టు తయారుచేస్తున్నాం. మా తెలుగు మాస్టారు పోర్టుకి ‘రేవు’ అనీ, ర్యామ్‌కీ పెన్‌డ్రైవ్‌కీ కూడా ‘జ్ఞాపకశక్తి’ అనీ రాశారు. పెద్ద డబ్బా మీద మాత్రం ‘సీపీయూ’ అని ఉంచేశారు. రేవు అనగానే పిల్లలు నవ్వుతున్నారు. ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: నవ్వరా మరి టీచరు గారూ! కోటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం ఎండలో నిలబడిన పిల్లలు, కంప్యూటర్ వెనకాల కూడా ఓ రేవుందంటే పంటేదీ అని అడుగుతారు.

అయితే మాస్టారిని తప్పుపట్టడానికి లేదు. ఇంగ్లీషులో పోర్ట్ అనే మాటలు రెండున్నాయి. ఓడరేవు అనే అర్థమున్నది లాటిన్ ‘పోర్టుస్’ నుంచి వచ్చింది, గుమ్మం, కంత అనే అర్థమున్నది ‘పోర్టా’ నుంచి వచ్చింది. రెండూ దాయాదులే గానీ కాపురాలు వేరు. కంప్యూటర్‌లోది, అంటే వైరో పెన్‌డ్రైవో దూర్చే కంత, ఈ రెండోది, అందుకని రేవు కుదరదు. మన వైపు మాటల్లో దానికి దగ్గరగా వచ్చేది ‘తూము’ అని నాకు చాలా రోజులు అనిపించేది, ఎందుకంటే కాలువ గట్టులో తూము ఎంత ఉంటే బోదెలోకి అన్నే నీళ్లు. కానీ తూములో నీళ్లు ఒకవైపే పోతాయి, పెన్‌డ్రైవ్ పెట్టే యూఎస్‌బీ కంతలో సమాచారం రావడమూ పోవడమూ రెండూ ఉన్నాయి. పోనీ ‘కన్నం’ అందామా అంటే కన్నం వేసేవాడు గుర్తొస్తాడు! కాబట్టి హాయిగా ‘పోర్టు’ అనే రాయండి. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువలతో పాటు వచ్చిన ‘లాకులు’ ఇంగ్లీషు మాటే, దానికి తెలుగు పేరు పెట్టలేదని ఏ రైతూ బాధపడలేదు. చివర ఉకారం చేర్చుకుని డిస్కు, పోర్టు, కేబులు అనుకున్నాక అవి మన విభక్తులకి లొంగిపోతాయి.

అసలు చిక్కు ‘పిన్ను’తో. మొన్న రాజమండ్రిలో నా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కడం లేదని ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్తే, ఆ కుర్రాడు టార్చి వేసి చూసి “పిన్ను పోయింది సార్” అన్నాడు. నేను ఛార్జరు తీసి, దాని కొస చూపించి, బాగానే ఉంది కదయ్యా అన్నాను. వాడు నా వంక జాలిగా చూసి ల్యాప్‌టాప్ పక్కనున్న కంతలోకి సూది పెట్టి, చిటికెడు దూది పోగు లాంటి చెత్త బయటికి లాగాడు. దూరేదీ పిన్నే, దూర్చుకునేదీ పిన్నే! కొట్లో ఇది చెల్లుతుంది గానీ చార్టులో చెల్లదు. వైరు కొసన ఉన్నది పిన్ను, డబ్బాకి ఉన్నది పోర్టు అని విడదీసి రాయండి.

డబ్బా మొత్తాన్ని సీపీయూ అనడం మనకి బాగా అలవాటైపోయింది. అసలు సీపీయూ అంటే డబ్బా లోపల ఫ్యాను కింద దాక్కుని లెక్కలన్నీ చేసే చిన్న చిప్పు. ఇలా ఒకదాని పేరుతో దానికి సంబంధించిన ఇంకోదాన్ని చెప్పడాన్ని మన అలంకారికులు ‘లక్షణ’ అంటారు, వాళ్ల పాత ఉదాహరణ ‘గంగలో పల్లె’ అయితే మనది ‘గోదారి మీద ఊరు’. గోదారి మీద ఎవరూ ఇల్లు కట్టరు, గట్టు మీదే కడతారు, అయినా అర్థమవుతుంది. “సీపీయూ మోసుకొచ్చా” అంటే అలాగే అర్థమవుతుంది, తప్పనక్కర్లేదు. బొమ్మ కింద పేరు రాసేటప్పుడు మాత్రం చిప్పుకి సీపీయూ, డబ్బాకి క్యాబినెట్.

‘జ్ఞాపకశక్తి’ని మాత్రం నిర్మొహమాటంగా తీసేయండి. శక్తి అనేది మనిషికుండే గుణం, 8 జీబీ జ్ఞాపకశక్తి అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. పైగా రెండు వేరు వేరు వస్తువులకి ఒకే పేరు పెడితే జేబుకి చిల్లు. మా బంధువు ఒకాయన కంప్యూటర్ నెమ్మదిగా ఉందని “మెమరీ పెంచు” అన్నాడట, కొట్టువాడు పెద్ద డిస్కు బిగించి పంపాడు, నెమ్మదితనం ఎక్కడికీ పోలేదు. ఆయనకి కావలసింది ర్యామ్. ర్యామ్ మన కళ్లం లాంటిది, పని జరుగుతున్నంతసేపే సరుకు అక్కడ ఉంటుంది, కరెంటు పోతే అందులోది పోయినట్టే. డిస్కు, ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ గాదెలు, కరెంటు లేకపోయినా దాచింది దాచినట్టే ఉంటుంది. ఈ గందరగోళంలో ఇంగ్లీషు పాపమూ ఉందిలెండి, మెమరీ కార్డు అని పేరు పెట్టింది వాళ్లే. మీరు ఒకదానికి ‘ర్యామ్’ అనీ, మిగతావాటికి ‘నిల్వ’ అనీ రాస్తే చాలు. నిల్వ మనకి ధాన్యం దగ్గర్నుంచి ఊరగాయ దాకా వాడుకలో ఉన్న మాటే.

అన్నట్టు, చార్టులో ‘యూఎస్‌బీ 3’నీ ‘టైప్-సి’నీ రెండు రకాల పోర్టులుగా పక్కపక్కన పెట్టారేమో చూడండి, చాలామంది పెడతారు. టైప్-సి అనేది ఆకారం పేరు, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది, 2014లో వచ్చింది. 2, 3 అనే అంకెలు తరం పేర్లు, వేగం వాటిని బట్టి మారుతుంది. టైప్-సి కంత ఉండి లోపల పాత యూఎస్‌బీ 2 వేగమే ఉన్న ఫోన్లు బోలెడు. ఆకారాలకి ఒక వరుస, తరాలకి ఇంకో వరుస గీయండి.