పెళ్లికి వెళ్తే క్రెడిట్ పోతుందా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఫిబ్రవరిలో తెనాలిలో మా తమ్ముడి పెళ్లి. మూడు వారాలు తీసుకెళ్తానంటే బడి కౌన్సిలర్ 'క్రెడిట్ (సబ్జెక్టు పూర్తిచేసినట్టు ఇచ్చే గుర్తింపు) పోవచ్చు' అన్నారు. ఇక్కడ బడి 180 రోజులుండాలని విన్నాను, వాళ్ల క్యాలెండర్‌లో మాత్రం 172 రోజులే ఉన్నాయి. వాళ్లు తగ్గించుకోవచ్చు గానీ మేం మానిపించకూడదా?
- ఒక తండ్రి, టెక్సాస్

జవాబు: బడివాళ్లు రోజులు తగ్గించారు గానీ సమయం తగ్గించలేదండీ. 2015లో టెక్సాస్ చట్టం రోజుల లెక్క వదిలేసి నిమిషాలకు మారింది. విరామాలతో కలిపి ఏడాదికి 75,600 నిమిషాలు బడి నడవాలి. పాత 180 రోజులకు రోజుకు ఏడు గంటల చొప్పున వేసినా అంతే వస్తుంది. మీ అమ్మాయి బడి రోజుకు 440 నిమిషాలు నడిస్తే 172 రోజుల్లోనే అది నిండిపోతుంది.

అది బడికి పెట్టిన నియమం. పిల్లలకు వేరేది ఉంది: క్లాసు జరిగిన రోజుల్లో కనీసం 90 శాతం హాజరుంటేనే ఆ సబ్జెక్టులో క్రెడిట్ ఇస్తారు. నేను ఇక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్తాను, మా క్లాసులు రోజు విడిచి రోజు ఉంటాయి. సెమిస్టర్‌కు 43 క్లాసులనుకుంటే, మానగలిగేవి నాలుగే. సంక్రాంతికి ఊరెళ్లిన ఒక అబ్బాయి నా క్లాసులు ఆరు మానాడు. తిరిగొచ్చాక నెలరోజులు బడి వదిలాక నా గదిలో కూర్చుని, తోటివాళ్ల నోట్స్ ముందు పెట్టుకుని ఒక్కో లెక్కా చేశాడు. జెట్‌లాగ్‌తో కళ్లు మూతపడుతుంటే చూడలేకపోయేదాన్ని.

మీరు మూడు వారాలు వెళ్తే 15 బడి రోజులు పోతాయి. హాజరు 75కీ 90కీ మధ్య ఉంటే, ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం పని పూర్తి చేసి క్రెడిట్ నిలబెట్టుకోవచ్చు. నాకు అంతకంటే టెన్షన్‌గా ఉన్నది ఇంకొకటి. అనుమతి లేని గైర్హాజరు ఆరు నెలల్లో పది రోజులకు చేరితే విషయం ట్రూయెన్సీ కోర్టు (బడి ఎగ్గొట్టిన కేసులు చూసే కోర్టు) దాకా వెళ్లొచ్చు.

అందుకని టికెట్లు కొనకముందే ప్రిన్సిపల్‌కు ఉత్తరం రాయండి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, పెళ్లి తేదీ అన్నీ అందులో పెట్టి అనుమతి అడగండి. ప్రయాణం ఏడు బడి రోజులకు కుదించండి. రోజూ జరిగే క్లాసైతే సెమిస్టర్‌కు 86 రోజుల్లో ఎనిమిది మానొచ్చు కాబట్టి, జ్వరమొస్తే ఒక రోజు మిగులుతుంది. బాబాయి పెళ్లి చూడకుండా మాత్రం ఆపకండి. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే చాలా కలిసొస్తుంది.