ఫొటోగ్రాఫరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు

అమ్మీ,

ఫొటోగ్రాఫరును మాట్లాడుకున్నారని మీ నాయన చెప్పినాడు. నన్ను తీయమనలేదని కోపమేమీ లేదులే. కెమెరా పట్టుకుని తిరిగితే నేను పెళ్లి చూసేదెప్పుడు, అక్షింతలేసేదెప్పుడు? అయితే అడ్వాన్సు ఇయ్యకముందు నా మాట కొంచెం విను. కడపలో ఇన్నేండ్లు స్టూడియో నడిపినోణ్ని. గొడవలు ఫొటోలు తీసేటప్పుడు రావు, ఇచ్చేటప్పుడు వస్తాయి. ఏమేమి చేతికొస్తాయో ముందే కాగితం మీద రాయించుకుంటే సగం గొడవలు ఉండవు.

పెళ్లికి ముందు తీసే ఫొటోలకు గండికోటలో ఒక పూట తీస్తే కెమెరాలో వందల ఫొటోలు పడతాయి. అవన్నీ ఇస్తారనుకోవద్దు. ఒకే ఫోజుకు పదిసార్లు నొక్కుతాం. ఒకదాంట్లో నువ్వు కండ్లు మూసుంటావు, ఇంకోదాంట్లో గాలికి పైట మొహమ్మీదికొస్తుంది. అవన్నీ ఏరి పారేసినాక మిగిలినవే మీకొచ్చేవి. వాటన్నిటికీ రంగు, వెలుతురు సరిచేస్తారు. ఒక్కో ఫొటో ముందు కూర్చుని మొటిమ తీసి, వెనకాల నిలబడినోణ్ని చెరిపే టచింగ్ పని మాత్రం కొన్నిటికే. ‘ఎడిట్ చేసిస్తాం’ అంటే ఈ రెండిట్లో ఏదో, ఎన్నిటికో అడుగు.

టచింగ్ అన్నాను కాబట్టి ఇంకో మాట. నీ ముహూర్తం చీర ధర్మవరం పట్టు, రెండు రంగుల కలనేత. మండపంలో పసుప్పచ్చ లైట్ల కింద దాని రంగు పట్టుకునేదే కష్టం. దానిమీద ఎడిటింగోడు మొహాలు తెల్లగా రావాలని లాగినాడంటే చీర రంగు కూడా ఎటో పోతుంది. చీర మడిచి సంచిలో పెట్టుకొచ్చి, ఆల్బమ్ పక్కన పరిచి నన్ను నిలదీసిన ఆడోళ్లున్నారు. న్యాయం వాళ్లవైపే ఉండింది. మీ జేజి మొహమ్మీది ముడతలు ముట్టుకోవద్దని కూడా ముందే చెప్పు. నున్నగా చేసిస్తే ఆమె ఎవరో మనకే తెలీదు.

కాబోయే అల్లుడు రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడినవి పడినట్టే, కావాలని పట్టుబడుతున్నాడంట. చాలామంది ఇయ్యరు, ఇచ్చినా మీకు పెద్దగా పనికిరావు. ఎడిటింగ్ చేయనిది చూస్తే చప్పగా ఉంటుంది, ఒక్కోటి పాతిక ముప్పై ఎంబీ. మీరు అడగాల్సింది ఎడిట్ చేసిన ఫొటోల ఫుల్ సైజు జేపెగ్‌లు, అంటే ఏ ఫోన్లోనైనా తెరుచుకునే మామూలు ఫొటో ఫైళ్లు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు వస్తుంది, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 20 అంగుళాల వెడల్పు దాకా మేలుగా ప్రింటవుతుంది. అదే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుంచించుకుపోతుంది. ఫోన్లో బాగానే ఉంటుంది, పటం కట్టిద్దామని పెద్దది చేస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది. డ్రైవ్ లింకు ఇస్తే అదెప్పుడు తీసేస్తారో అడిగి, వెంటనే హార్డ్ డిస్కులోకి దింపుకోండి.

ఆల్బమ్ 12/36 అంటారు, అంటే 12 అంగుళాల ఎత్తు, తెరిస్తే 36 అంగుళాల వెడల్పు. షీట్లు ఎన్ని, డిజైన్ ప్రింటుకు ముందే చూపిస్తారా, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఇవన్నీ రాయించు. డిజైన్ వచ్చినాక మొదట మడత పడే చోటు చూడు. అక్కడ ఎవరి మొహమూ ఉండకూడదు, పెండ్లికొడుకు ముక్కు మధ్యలో గీత పడిన ఆల్బములు చాలానే చూసినా. ఆలస్యమైతే తప్పంతా వాళ్లమీదికి నెట్టొద్దు. ఆల్బమ్‌లోకి ఏ ఫొటోలు పోవాలో సెలెక్షన్ చేయాల్సింది మీరే. ఆ ఇంట్లో ఒకరు, ఈ ఇంట్లో ఒకరు కూర్చుని తేల్చేయండి, అందరినీ అడిగితే సంక్రాంతి కూడా దాటిపోతుంది.

హక్కుల సంగతి చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలీదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోల హక్కు, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నోళ్లదే. ఆ ‘వేరే ఒప్పందం’ వాళ్లిచ్చే కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉండొచ్చు, చదువు. మీ ఫొటోలు వాళ్ల ఇన్‌స్టాలో పెట్టుకోవచ్చా లేదా అనేది కూడా అక్కడే రాయించు.

గండికోట పురావస్తు శాఖ కింద ఉంది. లైట్లు, స్టాండ్లు, డ్రోను తీసుకుని పోయేటట్టయితే అనుమతులు ఎవరు తెస్తారో, కారు ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో. పొద్దున్నే పెన్న లోయ దగ్గర ఉండాలంటే రాత్రికే జమ్మలమడుగు చేరండి. ఎండెక్కినాక ఆ రాళ్లమీద నవ్వమన్నా నవ్వు రాదు.

డబ్బంతా ఒకేసారి ఇయ్యొద్దు. కొంత అడ్వాన్సు, కొంత పెళ్లినాడు, మిగిలింది ఆల్బమ్, ఫైళ్లు చేతికొచ్చి చూసుకున్నాకే. ఒప్పుకోకుంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా.

మీ పెద్దనాయన