పాలస్తీనా మూలాలున్నవాళ్లు తమ ఇంటి వంట నేర్చుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలి?

మఖ్లూబాతో. అరబిక్‌లో ఆ మాటకు ‘తలకిందులు చేసినది’ అని అర్థం. గిన్నె అడుగున మాంసం, దానిపై వేయించిన వంకాయ ముక్కలో కాలీఫ్లవరో, ఆపైన నానబెట్టిన బియ్యం. ఉడికాక కాసేపు కదపకుండా ఉంచి, పెద్ద పళ్లెంలోకి ఒక్కసారిగా బోర్లిస్తారు. మొదటిసారి టెన్షన్‌గానే ఉంటుంది. గిన్నె ఎత్తేటప్పుడు ఇంట్లో అందరినీ చుట్టూ చేర్చండి.

కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. చేతి మహిమను మాత్రం అక్కడ ‘నఫస్’ అంటారు, అంటే ఊపిరి. అది పెద్దవాళ్ల పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుంది. వాళ్లు వండుతుండగానే ఊరి సంగతులు అడగండి.

తర్వాత ముసఖ్ఖన్. కొత్త ఆలివ్ నూనె వచ్చే అక్టోబరు, నవంబరుల్లో చేయండి. ఉల్లిపాయలు, పుల్లటి సుమాక్ పొడి, కోడిమాంసం, కింద నూనెలో తడిసిన రొట్టె. నూనెకు వెనకాడకండి.